తుప్పు గేటుకు ఒక వేడి రొట్టె

మంగళవారం ఉదయం ఆరున్నరకు ఇస్లామిక్ రిపబ్లిక్ విదేశాంగ విధానం మా రొట్టెల కొట్టు ముందు వరుస తప్పి నిలబడింది.

బూడిదరంగు కోటు. మెడ దాకా గుండీ పెట్టిన తెల్ల చొక్కా. టై లేదు. చంకలో ఫైలు. ముప్పై అయిదేళ్లుంటాయి. వరుసలో ఉన్న పద్నాలుగు మందినీ దాటుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కళ్లు ఇంట్లో మర్చిపోయి వచ్చావా నాయనా?" అంది తూబా ఖానుమ్.

ఆమెకు డెబ్బై రెండేళ్లు. మా అనార్ సందులో ఆమె కంటే పాతది మురుగు కాలువ ఒక్కటే.

"నేను రొట్టె కోసం రాలేదమ్మా. ప్రభుత్వం పని మీద వచ్చాను."

"అయితే? ప్రభుత్వానికి కాళ్లు లేవా, నిలబడడానికి?"

వరుసంతా నవ్వింది. అతను చెవులు ఎర్రబడి వెనక్కి వెళ్లాడు. తోకన నిలబడ్డాడు. ఇరవై నిమిషాల తర్వాత వంతు వచ్చింది. నిలబడ్డ పాపానికి ఒక రొట్టె తీసుకున్నాడు. అప్పుడు పేరు చెప్పాడు.

ఫర్‌జామ్. సంబంధాలు లేని దేశాలతో సంబంధాల విభాగం.

"లేని సంబంధాలకు విభాగం ఎందుకండీ?" అన్నాను.

"ఉన్నవాటిని ఎవడైనా చూసుకుంటాడు ఆఘా. జాగ్రత్తంతా లేనివాటితోనే."

ఫైలు తెరిచి పేపర్ కటింగ్ ఒకటి బల్ల మీద పెట్టాడు. పోయిన గురువారం ఏదో పత్రికలో వంటల పేజీ. తెహ్రాన్‌లో మంచి సంగక్ రొట్టె ఎక్కడ దొరుకుతుందనే వ్యాసం. ఫొటోలో నేను ఒకాయనకు నువ్వులు చల్లిన రొట్టె అందిస్తున్నాను. ఇద్దరమూ నవ్వుతున్నాం.

"ఈ చెయ్యి మీదేనా?"

"నాదే."

"అందుకుంటున్న చెయ్యి?"

"మిస్టర్ బ్రూనోది."

"ఏ గేటు?"

"తుప్పు గేటు."

మా సందులో రెండు రాయబార కార్యాలయాలున్నాయి. వాటి దేశాల పేర్లు మేం పలకం. రాయబారులు మారతారు, జెండాలు మారతాయి, గేటు రంగు మాత్రం ఉంటుంది. కాబట్టి ఒకటి నీలం గేటు, ఒకటి తుప్పు గేటు. తుప్పు గేటు కూడా ఒకప్పుడు తెల్లగానే ఉండేది. పదకొండేళ్ల క్రితం ఆ దేశానికీ మనకూ చెడింది. ఎందుకో సందులో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. ఒక ఉపన్యాసం అంటారు కొందరు, ఫుట్‌బాల్ ఆట అంటారు కొందరు. సిబ్బంది రెండు బస్సుల్లో విమానాశ్రయానికి వెళ్లిపోయారు. కుర్చీలూ బీరువాలూ చూసుకోవడానికి ఒక్క బ్రూనోను వదిలి వెళ్లారు. తుప్పు గేటుకు మనతో ఏ పని పడినా, మనకు దానితో ఏ పని పడినా, నడుమ నీలం గేటు మాట మోయాలి. అదీ ఒప్పందం.

ఆ ఒప్పందంలో రొట్టె సంగతి లేదు. బ్రూనో రోజూ ఏడింటికి వచ్చేవాడు, ఒక రొట్టె తీసుకునేవాడు, వెళ్లేవాడు.

"మీ పిండి ఎవరిది?" అన్నాడు ఫర్‌జామ్.

"ప్రభుత్వానిది. కోటా పిండి."

"అంటే రిపబ్లిక్ పిండి. దాన్ని మీరు నీళ్లు పోసి పిసికి, కాల్చి, సంబంధాలు తెంచుకున్న దేశం చేతికి నేరుగా అందిస్తున్నారు. పదకొండేళ్లుగా. నువ్వులు చల్లి."

"నువ్వులు ప్రభుత్వానివి కావండీ. నావే."

"అది ఇంకా ఘోరం. వ్యక్తిగత స్థాయిలో కూడా సంబంధం ఉందన్నమాట."

ఫైలు మూశాడు. విషయం మూడు ముక్కల్లో చెప్పాడు. శనివారం పొద్దున పిండి లారీ రావాలి. ఈ నేరు సంబంధం తెగి, సంగతి తేలిందని అతను రాసిస్తే వస్తుంది. రాయకపోతే రాదు.

నా వెనక పొయ్యి దగ్గర యదుల్లా చేతిలో పొడుగు తెడ్డు ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా పొయ్యి చూసేది అతనే. సంగక్ పొయ్యి లోపల గులకరాళ్లుంటాయి. వాటి మీద పిండి పరచి కాల్చాలి. మా నాన్న ఏరి పోసిన రాళ్లు అవి. పిండి లేకపోతే నిప్పు ఉండదు. నిప్పు లేకపోతే నేనూ యదుల్లా పిండి పిసికే ఇద్దరూ వీధిన పడతాం.

"ఖొద్రత్ ఆఘా," అన్నాడు యదుల్లా, "ఆ మిస్టర్‌కు రొట్టె మానేద్దాం. పీడా పోతుంది."

"మానకూడదు," అన్నాడు ఫర్‌జామ్ గట్టిగా. "మానితే ఆకలితో మాడ్చారని ప్రపంచమంతా చాటుతారు. రొట్టె ఇవ్వాలి. మీరు ఇవ్వకూడదు. నీలం గేటు ద్వారా వెళ్లాలి."

వరుసలో నాలుగో మనిషి తల ఎత్తాడు. నీలం గేటు వంటవాడు మూసియో ఆర్తూష్. మా అర్మేనియన్, అందుకే మూసియో అంటాం. మూడు తరాలుగా తెహ్రాన్‌లోనే పుట్టి పెరిగినవాడు.

"నేనా?" అన్నాడు. "నేనేం చేశాను?"

*

బుధవారం ఏడింటికి బ్రూనో ఎప్పటిలాగే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, గడ్డం నున్నగా గీసుకుని. మన మర్యాద మాటలు మనకంటే బాగా పలుకుతాడు.

"అలసట మీ దరి చేరకూడదు, ఖొద్రత్ ఆఘా!"

పక్కన ఫర్‌జామ్ నిలబడి నా పెదవుల వంకే చూస్తున్నాడు. నేను దూలం వైపు చూశాను. పదకొండేళ్లలో ఆ మనిషి పలకరింపుకు బదులివ్వని రోజు లేదు. నాలుక దురద పెట్టింది. ఇక ఆగలేక అన్నాను:

"మూసియో ఆర్తూష్, మీ వెనక ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆయన దరి కూడా చేరకూడదని చెప్పండి."

ఆర్తూష్ వెనక్కి తిరిగాడు. "నీ దరి కూడా చేరకూడదట."

"ఆయన నీడ మా మీద తగ్గకూడదని చెప్పండి," అన్నాడు బ్రూనో. అర్థమైపోయింది అతనికి. రాయబార కార్యాలయంలో కుర్చీలు కాసినా కొంత అబ్బుతుంది.

"మీ నీడ తగ్గకూడదట. ఇక రొట్టె ఇవ్వండి తల్లీ తండ్రీ, మా రాయబారి గుడ్డు చల్లారిపోతోంది!"

రెండు రొట్టెలు ఆర్తూష్ చేతిలో పెట్టాను. అంతే, గొడవ మొదలైంది.

సంగక్ కొట్టు దగ్గర వరుసలు రెండు. ఒక రొట్టె చాలనుకునేవాళ్లది ఒంటి వరుస. ఎక్కువ కావాల్సినవాళ్లది పెద్ద వరుస. ఒంటి వరుసలో ముగ్గురికి ఇచ్చాక పెద్ద వరుసలో ఒకరికి ఇస్తాం. ఒంటి వరుసలో నిలబడి రెండు రొట్టెలు తీసుకోవడమంటే మసీదులోకి చెప్పులతో రావడమే.

"రెండు! రెండు తీసుకున్నాడు!"

"ఆ వరుసకు పో మూసియో! ముసలాళ్లం నిలబడ్డాం, కనబడడం లేదా?"

"ఒకటి నాది కాదు!" అన్నాడు ఆర్తూష్.

"ఎవడిదీ కాదు. మా ఆయన కూడా రెండోది పిల్లికనే చెబుతాడు," అంది తూబా ఖానుమ్.

"మీ ఆయన పోయి పదేళ్లయింది కదా ఖానుమ్?"

"పోయేదాకా అదే చెప్పాడు."

ఆర్తూష్‌ను పెద్ద వరుసకు తోలారు. అక్కడ అతని ముందు ఒక కబాబ్ కొట్టువాడు ముప్పై రొట్టెలకు నిలబడి ఉన్నాడు. వాడి ముందు పెళ్లివారు. ఆర్తూష్ నీలం గేటు చేరేసరికి ఎనిమిది ముప్పావు. రాయబారి నిన్నటి రొట్టెతో గుడ్డు తిన్నాడట. మధ్యాహ్నానికల్లా నీలం గేటు నుంచి ఫర్‌జామ్ విభాగానికి ఒక లేఖ వెళ్లింది.

సాయంత్రం ఫర్‌జామ్ తీర్పు పట్టుకొచ్చి మా గోడకు అంటించాడు. ఆర్తూష్ మనిషి ఒక్కడే అయినా దేశాలు రెండు. ఒక్కో దేశం తీసుకునేది ఒక్కో రొట్టె. కాబట్టి, సంబంధాలు తెగిన వారి తరఫున రొట్టె తీసుకునేవారు రెండు రొట్టెలతో ఒంటి వరుసలో నిలబడవచ్చు.

చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. తూబా ఖానుమ్ రెండుసార్లు చదివింది. అప్పుడే అనుమానించాల్సింది.

*

గురువారం ఆరింటికి ఒంటి వరుసలో మొట్టమొదట ఆమే.

"రెండు. ఒకటి నాకు. ఒకటి నా కోడలికి."

"పెద్ద వరుస ఖానుమ్."

"ఎందుకు? నా కోడలికీ నాకూ మూడేళ్లుగా సంబంధాలు తెగిపోయాయి. ఆమె తరఫున రొట్టె తీసుకుంటున్నాను. గోడ మీద రాసుంది చదువుకో."

నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి దర్జీ సఫర్ ఆఘా అరిచాడు. "నాకూ రెండు! మా తమ్ముడితో నాకు ప్రహరీ గోడ తగాదా. ఏడేళ్లు!"

"నాకు మూడు. మా అల్లుడు, మా వియ్యపురాలు, ఇద్దరితోనూ లేదు."

"మా మేడ మీద అద్దెకున్నవాళ్లతో నాకు..."

ఏడున్నరకు పెద్ద వరుస ఖాళీ. ఒంటి వరుస సందు దాటి పెద్ద రోడ్డు మీదికి వెళ్లి పూలకొట్టు దగ్గర మలుపు తిరిగింది. పెద్ద వరుసలో ఒకే ఒక్క కుర్రాడు మిగిలాడు. పెళ్లయి పదిహేను రోజులు.

"నువ్వేం బాబూ, అక్కడే నిలబడ్డావు?"

"మాకింకా గొడవ రాలేదు ఆఘా," అన్నాడు సిగ్గుపడుతూ. మర్నాడు వాడు కూడా కళ్లు ఉబ్బించుకుని ఒంటి వరుసలోకి వచ్చేశాడు.

ఫర్‌జామ్ పరుగున వచ్చాడు. తీర్పు వెనక్కి తీసుకోవడం కుదరదట. నీలం గేటుకు ఇచ్చిన మాట అది. అందుకని నా కొట్టు ముందు ఒక చిన్న బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ల సంబంధాలు నిజంగా తెగాయో లేదో తేల్చడం మొదలుపెట్టాడు.

"చివరిసారి ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

"పోయిన నౌరూజ్‌కు."

"పండగ శుభాకాంక్షలు చెప్పుకున్నారా?"

"ఆవిడ చెప్పింది. నేను చెప్పలేదు."

"ఏకపక్షం. చెల్లుతుంది. తర్వాత!"

మాట్లాడుకుంటున్నవాళ్లను పెద్ద వరుసకు పంపాడు. దాంతో మాట్లాడుకుంటున్నవాళ్లు అక్కడికక్కడే మానేశారు. ఇద్దరు అన్నదమ్ములు నా కొట్టు ముందే తిట్టుకుని, చెరో రెండు రొట్టెలూ పట్టుకుని, వేరు వేరు దారుల్లో ఒకే ఇంటికి వెళ్లారు.

ఇదంతా ఒక ఎత్తు. మధ్యాహ్నం మూడింటికి నీలం గేటు నుంచి వచ్చిన కవరు ఒక ఎత్తు.

కవరులో తుప్పు గేటు లేఖ. కింద బ్రూనో సంతకం. తుప్పు గేటు తన గౌరవాభినందనలు తెలుపుకుంటూ, ఉదయం ఏడుకు కాల్చిన రొట్టె నీలం గేటులో నమోదై, ముద్ర పడి, రెండో కార్యదర్శి చేతుల మీదుగా మధ్యాహ్నం రెండు పదికి తమకు చేరిందనీ, అప్పటికి అది చెప్పు అడుగుకు పనికొచ్చేలా ఉందనీ మనవి చేసింది.

ఫర్‌జామ్ దాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఏమైంది? పెద్ద ఫిర్యాదా?" అన్నాను.

"పదకొండేళ్లు," అన్నాడు. "పదకొండేళ్లలో వాళ్ల నుంచి వచ్చిన మొదటి కాగితం ఇది ఆఘా. నా విభాగంలో ఇప్పటిదాకా ఒక్క ఫైలు కూడా లేదు. ఖాళీ అట్టలే!"

లేఖను రెండు చేతులా పట్టుకుని పరుగెత్తాడు. అయిదింటికి జవాబుతో వచ్చాడు. రొట్టె ఇస్లామిక్ రిపబ్లిక్ పొయ్యి నుంచి వేడిగానే బయలుదేరిందని జవాబు. ఆరింటికి తుప్పు గేటు నుంచి బదులు. వేడి అనేది బయలుదేరడంలో కాదు, చేరడంలో ఉందని. చీకటి పడేలోగా అటు మూడు, ఇటు మూడు కాగితాలు తిరిగాయి. మధ్యలో పరుగెత్తలేక ఆర్తూష్ చతికిలబడ్డాడు.

"ఇక తేల్చేద్దాం," అన్నాను ఫర్‌జామ్‌తో. "నీలం గేటువాళ్లను ముద్రలు మానేయమనండి. రొట్టె వేడిగా వెళ్తుంది. మీరు తేలిందని రాసివ్వండి. నా పిండి వస్తుంది."

అతను నా వంక జాలిగా చూశాడు.

"రొట్టె వేడిగా వెళ్తే వాళ్లు మళ్లీ రాస్తారా?"

"ఎందుకు రాస్తారు?"

"అందుకే. పైవాళ్లు చాలా సంతోషంగా ఉన్నారు. ఈ ఉత్తరాలు ఆగకూడదన్నారు. విషయం తేలకూడదు."

"మరి నా లారీ?"

"విషయం తేలితేనే లారీ."

"విషయం తేలకూడదు కదా?"

"కూడదు."

అతను చెప్పిందాంట్లో ఎక్కడా తప్పు లేదన్నట్టు ఫైలు సర్దుకుని వెళ్లిపోయాడు. నేను కొట్టు వెనక్కి వెళ్లి చూశాను. పదకొండు బస్తాలు మిగిలాయి. శుక్రవారానికి సరిపోతాయి. శనివారానికి చారెడు కూడా మిగలదు.

*

శుక్రవారం ఏడు. బ్రూనో వచ్చి ఆర్తూష్ వెనక నిలబడ్డాడు. ఫర్‌జామ్ తన బల్ల దగ్గర ఒక అత్తాకోడళ్ల వ్యవహారం తేలుస్తున్నాడు. నేను ఎవరి వైపూ చూడకుండా అన్నాను:

"మూసియో, మీ వెనక ఎవరైనా ఉంటే చెప్పండి. రేపటి నుంచి రొట్టె ఉండదు. వేడిదీ ఉండదు, చల్లదీ ఉండదు. నా పొయ్యి ఆరిపోతోంది. ఉత్తరాలు సాగుతున్నంత కాలం నాకు పిండి ఇవ్వరట."

ఆర్తూష్ చెప్పాడు. బ్రూనో ముఖం తెల్లబడింది.

"ఆయన్ని ఒకటి అడగండి," అన్నాడు. "ఉత్తరాలు ఆగిపోతాయని ఇక్కడి పైవాళ్లు భయపడితే?"

"భయపడితే ఏమిటని అడుగుతున్నాడు," అన్నాడు ఆర్తూష్.

"ఆయనకే తెలియాలి అన్నానని చెప్పండి," అన్నాను.

బ్రూనో తలవంచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని వెళ్లిపోయాడు. రొట్టె కోసం ఆగలేదు.

తొమ్మిదింటికి కవరు. రొట్టె విషయమై ఈ రోజు పొద్దుగూకేలోగా రాతపూర్వకమైన ఒప్పందం కుదరకపోతే, తుప్పు గేటు ఇకపై ఏ ఉత్తరమూ రాయదు. రొట్టె చల్లగా వచ్చినా నోరు మూసుకుని తింటుంది.

ఫర్‌జామ్ ఆ ఆఖరి వాక్యం చదివి గోడకు ఆనుకున్నాడు. "నోరు మూసుకుని తింటారట," అన్నాడు. "ఇంతకంటే దారుణం ఏముంటుంది?"

శుక్రవారం సెలవైనా పైవాళ్ల దగ్గరికి పరుగెత్తాడు. పన్నెండింటికి వచ్చాడు. ఒప్పందానికి సరేనన్నారు. ఒకటే చిక్కు. సంతకం చేసేవాళ్లు ఇద్దరూ సమాన హోదాలో ఉండాలి. అటు బ్రూనో. బీరువాల కాపలాదారు. ఇటు ఫర్‌జామ్ సంతకం పెడితే రిపబ్లిక్ ఒకటికి ఆరు మెట్లు కిందికి దిగినట్టు.

"మా ఆఫీసు గుమాస్తా కూడా ఎక్కువైపోతున్నాడు," అన్నాడు దిగులుగా. "ఏ హోదా లేనివాడు కావాలి." అలా అంటూ నా వైపు చూశాడు.

నేను చేతులు తుడుచుకున్నాను.

"మీకు ఏమైనా పదవి ఉందా ఖొద్రత్ ఆఘా?"

"రొట్టెలవాళ్ల సంఘంలో ఉప కార్యదర్శిని."

"రాజీనామా చెయ్యండి."

పిండి బస్తాకు కట్టిన చీటీ వెనక రాజీనామా రాసిచ్చాను. ఆ విధంగా మధ్యాహ్నం పన్నెండుంబావుకు ఇస్లామిక్ రిపబ్లిక్ తరఫున సంతకం చేసే అధికారం నాకు వచ్చింది.

"కానీ మా ఇద్దరికీ నేరు సంబంధం ఉండకూడదు కదా?" అన్నాను.

"ఉండకూడదు. అతను సంతకం చేసి వెళ్లాక మీరు వస్తారు."

"ఒప్పందంలో ఏం రాయాలి?"

"వేడి రొట్టె ఇస్తామని రాస్తే చాలు."

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పనిచేయలేదు.

"రొట్టె వేడిగా ఉండాలంటే పొయ్యి వెలగాలి కదండీ. పొయ్యి వెలగాలంటే పిండి ఉండాలి. అది రాయకపోతే రేపు వాళ్లు మనల్ని మోసగాళ్లంటారు."

ఫర్‌జామ్ కలం ఆపాడు. ఆలోచించాడు. ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం ఖొద్రత్ కొట్టుకు పిండి ఆగదని రాశాడు. పనిలో పనిగా కింద తన అలవాటు వాక్యం ఒకటి తగిలించాడు. ఇరు దేశాల మధ్య మామూలు సంబంధాలు నెలకొనేవరకు ఇది అమల్లో ఉంటుంది.

ఆ వాక్యం నేను చదివాను. పట్టించుకోలేదు. పదకొండేళ్లుగా నెలకొననివి ఇప్పుడెందుకు నెలకొంటాయి?

రొట్టెలోంచి గులకరాళ్లు ఏరే ఇనుప జాలీ బల్ల మీద సంతకాలు జరిగాయి. బ్రూనో వచ్చి చేశాడు, వెళ్లాడు. కలాన్ని ఆర్తూష్ అయిదు నిమిషాలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నేను చేశాను. రెండు వరుసలూ చప్పట్లు కొట్టాయి. అందజేసే పద్ధతి కూడా అందులోనే ఉంది. నేను రొట్టెను జాలీ మీద పెట్టి మూడు లెక్కపెట్టేదాకా కళ్లు మూసుకోవాలి. ఆలోగా అది ఏమైందో నాకు తెలియదు.

గోడ మీది తీర్పును ఫర్‌జామ్ స్వయంగా చించేశాడు. ఆర్తూష్ మళ్లీ ఒంటి రొట్టె మనిషయ్యాడు. జనం పెద్ద వరుసలోకి సణుగుతూ వెళ్లి నిలబడ్డారు. విడిపోయిన వాళ్లలో సగం మంది మళ్లీ మాట్లాడుకున్నారు. తూబా ఖానుమ్ మాట్లాడలేదు. తనది అసలైన తెగతెంపులంది.

శనివారం ఆరున్నరకు లారీ వచ్చింది.

*

ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి. ఒప్పందం మీద ఉత్తరాలు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. ఒక సోమవారం పొద్దున ఫర్‌జామ్ ఒంటి వరుసలో నిలబడి కనిపించాడు. చేతిలో మిఠాయి డబ్బా. ముఖం చావు కబురు తెచ్చినవాడిలా ఉంది.

"శుభవార్త," అన్నాడు. ఎవరికో సంతాపం చెబుతున్నట్టు. "సంబంధాలు బాగుపడుతున్నాయి. గురువారం మంత్రులిద్దరూ కలుస్తారు. మీ రొట్టె ఉత్తరాల వల్లే మాటలు మొదలయ్యాయి. పైవాళ్లు మిమ్మల్ని మెచ్చుకున్నారు."

"మంచిదే కదండీ?"

"నా విభాగం మూసేస్తారు. సంబంధాలున్నాక నేనెందుకు?" మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఇంకొకటి. ఒప్పందం ఆఖరి వాక్యం గుర్తుందా?"

నేను గుర్తు చేసుకున్నాను.

"సంబంధాలు నెలకొంటే ఒప్పందం రద్దు. ఒప్పందం కింద మీకొచ్చే పిండి కూడా రద్దు," అన్నాడు.

"అయితే పాత కోటా ఇస్తారుగా?"

"మామూలు జాబితాలోంచి మీ పేరు తీసేశారు ఆఘా. మీరిప్పుడు అంతర్జాతీయ జాబితాలో ఉన్నారు. మళ్లీ మామూలువాడు కావాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టాలి. మూడేళ్లు పడుతుంది."

వరుస మొత్తం చెవులు రిక్కించింది. ఎవరూ నవ్వలేదు.

గురువారం వచ్చింది. ఏడింటికి బ్రూనో వచ్చాడు. ఆ రోజు అతను గడ్డం గీసుకోలేదు.

"మూసియో," అన్నాడు నెమ్మదిగా, "మీ ముందున్న ఆయనకు చెప్పండి. మా వాళ్లు రాయబారిని పంపుతున్నారు. కొత్త కాపలాదారును కూడా పంపుతారు. నన్ను రిటైరై ఇంటికి రమ్మన్నారు. మా ఊళ్లో రోజూ వాన. నన్నెరిగినవాళ్లెవరూ లేరు."

ఆర్తూష్ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. నేను విన్నానని అందరికీ తెలుసు.

తూబా ఖానుమ్ తన చున్నీ సర్దుకుంది. "దేశమా రొట్టా అని నేనడగను నాయనా," అంది. "అంత చదువు నాకు లేదు. కానీ నాకు డెబ్బై మూడేళ్లు. ఇక్కడ రొట్టె లేకపోతే కొండ దిగి చౌరస్తా దాకా నడవాలి. అది మాత్రం గుర్తుంచుకో."

నేను వెనక్కి తిరిగాను. యదుల్లా పొయ్యిలోంచి ఒక రొట్టెను తెడ్డు మీదికి తీస్తున్నాడు. బంగారు రంగులో, పొంగుతూ, మూరన్నర పొడవు.

"అది ఉండనీ," అన్నాను.

"అయిపోయింది ఆఘా. మాడుతుంది."

"ఉండనీ."

ముప్పై ఏళ్ల పనివాడు. చేత్తో నెత్తి కొట్టుకున్నాడు. కానీ రొట్టెను మళ్లీ రాళ్ల మీదికి జార్చాడు. పొగ వచ్చింది. వరుసలో ఎవరో దగ్గారు. తీసేసరికి అది ఒక వైపు బొగ్గు. గులకరాళ్లు నాలుగు దానికే అతుక్కుపోయాయి. నువ్వులు నల్ల చీమల్లా ఉన్నాయి.

జాలీ మీద పెట్టాను. కళ్లు మూసుకోవాలి. మూసుకోలేదు. బ్రూనో నా కళ్లలోకి సూటిగా చూశాడు. ఎనిమిది నెలల తర్వాత అదే మొదటిసారి. అతనికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. ముఖంలో ఏదో వెలిగింది.

"మీ చేతులకు నొప్పి రాకూడదు, ఖొద్రత్ ఆఘా," అన్నాడు, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా. మా భాషలో కృతజ్ఞత అది.

తర్వాత ఆ రొట్టెను రెండు చేతులా పైకెత్తి సందంతా అదిరేలా అరిచాడు. "ఇది మా దేశానికి అవమానం!"

"అవమానమే!" అంది తూబా ఖానుమ్ సంబరంగా.

పదిన్నరకు తుప్పు గేటు ఫిర్యాదు నీలం గేటు చేరింది. దానితోపాటు సాక్ష్యంగా రొట్టె, నాలుగు గులకరాళ్లు. మంత్రుల సమావేశం మధ్యాహ్నం రెండింటికి మొదలు కావాలి. తుప్పు గేటు మంత్రి ముందుగా రొట్టె గురించి సంజాయిషీ అడిగాడు. మన మంత్రి రొట్టె గురించి మాట్లాడడానికి రాలేదన్నాడు. అయితే దేని గురించి మాట్లాడతారని అతనడిగాడు. మూడింటికి సమావేశం వాయిదా పడింది. రేడియో మాత్రం చర్చలు స్నేహపూర్వకంగా సాగాయంది.

నాలుగింటికి ఫర్‌జామ్ సందు చివర నుంచి కోటు ఎగరేసుకుంటూ వచ్చాడు. వరుసలో నిలబడలేదు. ఎవరూ తిట్టలేదు.

"నాలుగు పేజీలు!" అన్నాడు, కాగితాలు ఊపుతూ. "నాలుగు పేజీలు రాశాడండీ బ్రూనో! రెండు ఫైళ్లు తెరవాల్సి వచ్చింది!"

జవాబు నన్నే రాయమన్నారట. సంతకం నాదే కనక. రొట్టె రంగు ఇస్లామిక్ రిపబ్లిక్ ఆంతరంగిక వ్యవహారమనీ, అందులో బయటివారి జోక్యాన్ని సహించేది లేదనీ రాశాను. ఫర్‌జామ్ చదివి ఒక్క అక్షరం దిద్దలేదు. మడిచి జేబులో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"ఒక్కటి చాలదేమో ఆఘా. శనివారం మళ్లీ కూర్చుంటారట."

వెనక యదుల్లా తెడ్డు పట్టుకుని నా మాట కోసం చూస్తున్నాడు. పొయ్యిలో రొట్టె పొంగుతోంది.

"తియ్యనా?" అన్నాడు.

"ఇంకో నిమిషం," అన్నాను.